గొట్టం వెనక్కి తాగింది

పోయినవారం మనం తవిటమ్మని జానకిరామ్ గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. కొంగు నడుముకి దోపి, ఎడమచెయ్యి తలుపు మీద వేసి, కుడిచేత్తో వీధినంతా పిలుస్తోంది. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఈలోగా కోపం చల్లారిపోయిందేమోనని కంగారు పడకండి. తవిటమ్మ కోపం అంత తొందరగా చల్లారే రకం కాదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోదాం. ఖిదిర్‌పూర్ రేవుకి ఇవతల, మునిసిపాలిటీ పనివాళ్ల క్వార్టర్లలో, తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చిన మనవాళ్లుంటారు. తవిటమ్మ అక్కడే పుట్టి, అక్కడే రోడ్లూడ్చే పనిలో చేరి, అక్కడే అత్తగారైంది. ఈమధ్య ఆ వీధి కొళాయి నీళ్లు ఒక్కోపూట ఫినాయిల్ కంపు కొడుతున్నాయి. తాగిన పిల్లలకి వాంతులయ్యాయి. తక్కినవాళ్లు తేరుకున్నారు గానీ తవిటమ్మ మనవరాలు, ఇంటిల్లిపాదీ పాప అని పిలుచుకునే పిల్ల, తేరుకోలేదు. ఆసుపత్రిలో పడి ఉంది. తల్లి మేరీరాణి మంచం పక్కనుంచి కదలకుండా కనిపెట్టుకుని ఉంది. తండ్రి వెంకటేశు మందులకీ ఇంటికీ మధ్య తిరుగుతున్నాడు.

తవిటమ్మ అనుమానమంతా పక్కింటి జానకిరామ్ మీదే. అతను లైనుకి దొంగ మోటారు తగిలించి నీళ్లు లాగుతుంటే ఆవిడే మునిసిపాలిటీ ఆఫీసులో చెప్పి పట్టించింది. అతను ఇంకోటి తెచ్చుకున్నాడు, ఆవిడతో మాట మానేశాడు. ఇక రెండోది: తవిటమ్మ ఇంట్లో ఫినాయిల్ కలిపి చుట్టుపక్కల అమ్ముతుంది. కొన్నాళ్లుగా డ్రమ్ములో కలిపిన ఫినాయిల్ తరిగిపోతోంది. ఎవరో ఎత్తుకుపోతున్నారు. పక్కింటివాళ్లు కాక ఇంకెవరు? నా ఫినాయిలే దొంగిలించి నా మీద కక్షతో కొళాయిలో పోశాడు, అని తేల్చేసి నిన్న పోలీసు థానాలో కూడా చెప్పి వచ్చింది. ఫినాయిల్ చేసేది ఆవిడే కదా, మరి ఆవిణ్ణెవరూ అనుమానించలేదా అంటారా? సొంత మనవరాలే ఆసుపత్రిలో ఉంటే ఆవిణ్ణి అనడానికి ఎవరికి నోరొస్తుంది చెప్పండి.

"రండర్రా, అందరూ రండి! ఈడి భాగోతం ఇయాల తేలిపోవాల," అని అరిచింది తవిటమ్మ.

సాయంత్రం నీళ్లొచ్చే వేళ. వీధి కొళాయి దగ్గర బిందెలు అప్పటికే వరసలో ఉన్నాయి. బిందెల వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక పని దిగి వచ్చిన మగవాళ్లు. అందరికన్నా ముందు రాజేశ్వరమ్మ. ఈ వీధిలో ఏ గొడవైనా ఆవిడ లేకుండా మొదలవదు.

జానకిరామ్ బనీనుతోనే బయటికొచ్చాడు. మనిషి నలభైకి దగ్గర్లో ఉంటాడు, రేవులో క్రేను పని. తవిటమ్మని పిన్నీ అని పిలిచేవాడు. మాటలు లేకపోయినా వరస పోలేదు.

"ఏటి పిన్నీ, మళ్లా ఏటయింది?"

"పిన్నీ గిన్నీ జాన్తానై! నా మనవరాలు గుంటని సంపడానికి సూసినోడివి, నన్ను వరస పెట్టి పిలుస్తావా?"

"నాకూ ఇద్దరు పిల్లలున్నారు. ఆళ్లూ ఈ నీళ్లే తాగుతన్నారు. నేను ఇసం కలుపుతానా?"

"నీ పిల్లలకి బజారు నీళ్ల డబ్బా వొస్తంది. నేను సూడలేదనుకున్నావా?"

అది నిజమే. వీధంతా ఒక్కసారి జానకిరామ్ వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు. "కంపొస్తన్నాదని అందరూ అంతన్నారని కొన్నాను. అదీ తప్పేనా?" అన్నాడు గానీ, ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పిల్లలకి బయట నీళ్లు పట్టించేవాడికి లోపలి సంగతేదో తెలిసే ఉంటుందని రాజేశ్వరమ్మ పక్కావిడ చెవిలో ఊదింది. ఆవిడ ఆ పక్కావిడకి ఊదింది.

అప్పుడొచ్చింది మౌక్తిక, సంచీ భుజాన వేసుకుని. ఆ పిల్లది వరంగల్. నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఇంజనీరు, న్యూటౌన్‌లో ఉంటుంది. తెలుగు వచ్చు కదాని ఈ వీధికి ఆమెనే పంపారు. వారం రోజులుగా సీసాల్లో నీళ్లు పట్టుకెళుతోంది, ఏమీ తేల్చి చెప్పడం లేదు. పైగా నిన్న జానకిరామ్ ఇంట్లో కూర్చుని టీ తాగింది. తవిటమ్మ కిటికీలోంచి చూసింది. చక్కెర వేసి కలిపిచ్చింది జానకిరామ్ పెళ్లామే. ఇంజనీరమ్మ ఎటువైపో దానితోనే తెలిసిపోయిందని తవిటమ్మ లెక్క.

"అమ్మా, కొంచెం ఆగండి. అరిస్తే తెలవదు. చూస్తే తెలుస్తది," అంది మౌక్తిక.

"సూడు మరి! ఈడి మోటారేయించి, అందరి ముందరా సూడు."

"అదే చేద్దామనే వచ్చిన." సంచీలోంచి చిన్న చిన్న డబ్బాలు తీసింది. "ఇది మిఠాయిల్లో వేసే రంగు. తాగినా ఏం కాదు. ఒక్కో ఇంట్లో డ్రమ్ముకి ఒక్కో రంగు వేస్తా. మీ వీధి కొళాయిలో ఏ రంగొస్తే, చెడ్డనీళ్లు ఆ ఇంటి నుంచి వస్తున్నట్టు."

ఆ మాట వినగానే తవిటమ్మకి ప్రాణం లేచొచ్చింది. "ముందు ఈడిది వెయ్యి," అంది.

వేశారు. జానకిరామ్ పెరట్లో నీలం డ్రమ్ము సగం నిండి ఉంది. మౌక్తిక అందులో నారింజ రంగు కలిపింది. మోటారు వెయ్యమంది. దొంగ మోటారు నలుగురి ముందూ వెయ్యాలంటే ఎవరికైనా సిగ్గే కదా, జానకిరామ్ చెవులు ఎర్రబడ్డాయి. వేశాడు. మోటారు గొంతు సవరించుకుని గుర్రుమంది. దాని పైపు మూతి డ్రమ్ము అంచుకి బాగా పైన కట్టి ఉంది, అందులోంచి నీళ్లు బడబడా పడుతున్నాయి. డ్రమ్ము నిండుతోంది. మోటారు ఆపి వీధిలోకొచ్చి కొళాయి చూస్తే, నీళ్లు మామూలుగానే ఉన్నాయి. రాజేశ్వరమ్మ గ్లాసులో పట్టి, వెలుతురికి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"రంగు లేదు తవిటీ," అంది కొంచెం నిరుత్సాహంగా.

"ఇయాల కలపనేదు కదా, రంగెందుకొస్తాది? అందరూ సూస్తన్నప్పుడు దొంగ దొంగతనం సేస్తాడా?"

జానకిరామ్‌కి అప్పటిదాకా అణిచిపెట్టుకున్నదంతా పొంగింది. "అయితే నీ ఇంట్లో కూడా వేయించు పిన్నీ! నీది మాత్రం ఎందుకు సూడకూడదు?"

"సూసుకో! నాకేటి బయం?" అని తవిటమ్మ తన గుమ్మం వైపు దారి చూపించింది. దాచవలసింది తన దగ్గరేమీ లేదని అప్పటికి ఆవిడ నిజంగానే నమ్ముతోంది.

తవిటమ్మ పెరడు జానకిరామ్ పెరటికి గోడ అవతల. మౌక్తిక వాడుకనీళ్ల డ్రమ్ము చూపించమంది. తవిటమ్మ తన పెరటి కొళాయికి రబ్బరు గొట్టం తగిలించి, దాని మూతి డ్రమ్ము అడుగుదాకా దింపి, తిప్పింది. నీళ్లు సన్నగా వస్తున్నాయి. మౌక్తిక ఆకుపచ్చ రంగు కలిపింది.

"గొట్టం అంత లోపలికెందుకమ్మా? పైన పెడితే కాదా?"

"అలవాటు. మా అమ్మ కాన్నుంచీ అంతే."

మౌక్తిక డ్రమ్ము లోపలివైపు నీళ్లున్న చోట సుద్దముక్కతో గీత గీసింది. గోడ మీదుగా జానకిరామ్‌ని కేకేసింది: "అన్నా, ఇప్పుడు మోటారెయ్యి!"

మోటారు గుర్రుమంది.

అందరూ డ్రమ్ములోకి వంగారు. మొదట ఏమీ లేదు. తర్వాత గొట్టం ఒక్కసారి జలదరించింది. కొళాయి తిప్పే ఉంది, గొట్టం నీళ్లలోనే ఉంది, డ్రమ్ము నిండాలి. కానీ నీళ్లు సుద్దగీతకి కింద ఉన్నాయి. తవిటమ్మ కళ్లు నులుముకుని చూసింది. ఇంకా కిందికి పోయాయి. ఓలమ్మా! నింపుతున్న డ్రమ్ము ఖాళీ అవుతోంది. ఎక్కడా చిల్లు లేదు, నేల పొడిగా ఉంది.

గోడ అవతలి నుంచి జానకిరామ్ పెళ్లాం పుష్పరాణి కేక వినిపించింది. "ఓలప్పా! మా పైపులో పచ్చనీళ్లు! పచ్చనీళ్లు పడతన్నాయి!"

ఆ వెంటనే వీధిలోంచి ఇంకో కేక. జానకిరామ్ మోటారు ఆపగానే వీధి కొళాయిలోంచీ ఆకుపచ్చ నీళ్లే వచ్చాయి. వరసలో మొదటి బిందె నిండా అవే.

వరసలో ఉన్నవాళ్లు బిందెలు వెనక్కి లాక్కున్నారు. రాజేశ్వరమ్మ కూడా తన బిందె లాక్కుందంటే సంగతి ఎంత పెద్దదో మీరే ఊహించుకోండి.

మౌక్తిక నెమ్మదిగా చెప్పింది. "నీళ్లు ఎప్పుడూ లైన్లోంచి ఇంట్లోకే వస్తయనుకుంటాం. లైన్లో బలం తగ్గినప్పుడు, పక్కన మోటారు గట్టిగా లాగితే, మునిగి ఉన్న గొట్టంలోంచి ఇంట్లో నీళ్లు వెనక్కి లైన్లోకి పోతయి. ఆ లైనే వీధి కొళాయికీ పోతది. అన్న మోటారు పెట్టకపోతే ఇది కాదు. మీ గొట్టం మునగకపోతే కూడా కాదు. గొట్టం మూతి జానెడు పైన కట్టుకుంటే చాలు. నీళ్లని ఒకవైపే పోనిచ్చే వాల్వు కూడా ఉంటది, ఇంటింటికీ పెట్టిస్తా. అది సరే. అమ్మా, ఈ గొట్టం ఇంకే డ్రమ్ములోనైనా ఇట్లనే పెడతారా?"

తవిటమ్మ వెనక్కి తిరిగింది.

ఆవిడ చూపు పెరటి మూల గోనెపట్టా కప్పిన డ్రమ్ము మీదికి పోయింది. ఫినాయిల్ డ్రమ్ము. అందులో చిక్కటి మందు పోసి, గొట్టం అడుగుదాకా దింపి, కొళాయి తిప్పి వదిలేసి, ఈలోగా వంట చూసుకుంటుంది. పైనుంచి నీళ్లు వదిలితే నురగ లేచిపోతుంది, సీసాలో సగం నురగే ఉంటుంది. నురగ లేకుండా కలపడమే పనితనమని వాళ్లమ్మ నేర్పింది. వంట చూసుకుని వచ్చేసరికి డ్రమ్ము తరిగి ఉండేది. ఎవత్తో ముంచుకుపోయిందని గోడ వైపు తిరిగి శాపనార్థాలు పెట్టేది. పుష్పరాణి పిల్లల్ని కూడా ఆ తిట్లలో కలిపేసింది, పాపిష్టి నోరు!

దొంగ పక్కింట్లో లేడు. తన ఫినాయిల్‌ని తన గొట్టమే తాగి, వీధికి పోసింది. బడి నుంచి వచ్చి, దాహమేసి, దోసిలి పట్టి అందరికన్నా ముందు తాగింది పాప.

తవిటమ్మ గొట్టాన్ని డ్రమ్ములోంచి బయటికి లాగేసింది. అలాగే డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు.

గోడ మీంచి తొంగిచూస్తున్న జానకిరామ్‌కీ అర్థమైంది. అతని ముఖంలో గెలిచిన సంతోషం ఉంటుందని ఆవిడ అనుకుంది. లేదు.

"నేను మోటారెట్టకపోతే ఇంతదాకా వొచ్చీది కాదు పిన్నీ," అన్నాడు. ఆ మాట కన్నా నాలుగు తిట్టి ఉంటే తవిటమ్మకి తేలిగ్గా ఉండేది.

వీధిలో జీపు ఆగింది. నిన్న ఇచ్చిన ఫిర్యాదు మీద థానా నుంచి సార్జెంటు వచ్చాడు. జానకిరామ్ ఎవరని బెంగాలీలో అడిగాడు. ఎవరో వేలు చూపించారు. జానకిరామ్ బనీనుతోనే ముందుకొచ్చి, "దాదా, ఒక్క మాట," అంటుండగానే సార్జెంటు చెయ్యి పట్టుకున్నాడు. మౌక్తిక అటు పరిగెత్తింది. వీధంతా ఆమె వెనకాలే పోయింది. తవిటమ్మ కూడా వెళ్లి, బాబూ ఇతను కాదు, తప్పు నాదే అని చెప్పాలనే అడుగేసింది. అప్పుడు మోగింది జాకెట్లో ఫోను. మేరీరాణి.

"అత్తా! పాపకి ఒంటేలు నల్లగా వొస్తన్నాది. డాక్టరుబాబు తిడతన్నాడు. ఇది మామూలు ఫినాయిల్ కాదంతన్నాడు. ఏటి మందో పేరు సెప్తేనే సరయిన ఇంజెక్షన్ ఇవ్వగలడంట. ఆ నీళ్లలో ఏటి కలిసిందో తెలిసిందా? ఎవులైనా సెప్పినారా?"

"తెలిసిందే," అంది తవిటమ్మ. "నా డ్రమ్ములోదే. నేను కలిపిందే."

"నీదా?" అంది మేరీరాణి. వెంటనే తేరుకుని, "సరే, తరవాత మాటాడదాం. మందు పేరు సెప్పు అత్తా. డబ్బా మీద సూసి సదువు, రాకపోతే ఎవులిసేతైనా సదివించు. బేగి!"

"ఉండు, ఫోను పెట్టకు."

ఆ డబ్బా మాట అప్పుడు గుర్తొచ్చింది తవిటమ్మకి. ఎప్పుడూ కొనే మందు కాదది. కొత్తది, వెంకటేశు తెచ్చాడు. అతను రేవులో ఒక గోదాం ఊడ్చే కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, మీద అంటించిన కాగితం గీకేసి ఉంది. "ఇది బాగా ఘాటమ్మా, కొంచెం పోస్తే సాల్తాది. ఎవులికీ సెప్పకు," అన్నాడు. ఎందుకు చెప్పకూడదో తవిటమ్మ అడగలేదు. వీధిలో అందరి మీదా అనుమానం పెట్టుకున్న మనిషి, కొడుకు మీద మాత్రం పెట్టుకోలేదు. పెట్టుకోబుద్ధి కాలేదు.

గబగబా లోపలికెళ్లి మంచం కింద చెయ్యి పెట్టింది. తడిమింది. చాప లాగేసి, మోకాళ్ల మీద కూలబడి చూసింది. డబ్బా పెట్టిన చోట గుండ్రటి మరక ఉంది, డబ్బా లేదు. పొద్దున్న ఊడ్చినప్పుడు ఉంది.

వెనక తలుపు గడియ తీసి ఉంది.

ఆ తలుపు తీస్తే ఇళ్ల వెనక ఇరుకు సందు. సందులో మనిషి అటు తిరిగి గోనెసంచి మూతి కడుతున్నాడు. భుజాలు చూసే పోల్చుకుంది.

"వెంకటేశూ!"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. ముఖమంతా చెమట. "గట్టిగా అరవకమ్మా. బయట పోలీసోళ్లున్నారు."

"నువ్వు మందులకి కదరా ఎల్లినావు? సంచిలో ఏటది?"

"నీకెందుకు. నువ్వు లోపలికెల్లు."

"ఆ డబ్బా ఇలాగియ్యి. పాపకి ఒంటేలు నల్లగా వొస్తన్నాదంట. మందు పేరు సెప్తేనే గాని డాక్టరు ఏటీ సెయ్యలేడంట. పేరేటిరా దానిది?"

"నాకేటి తెల్దు. కాయితం నేనే పీకీసినాను." అతను సంచి ముడి బిగించాడు. "గోదాంలోంచి ఎత్తుకొచ్చినానమ్మా. ఓడల్లో పురుగులు సంపే మందేదో. ఫినాయిల్‌లో కలిపితే బాగా అమ్ముడుపోతాదనుకున్నాను. డబ్బా దొరికిందంటే దొంగతనం కేసు, పైగా ఇసం కేసు. జైలే నాకు. గంగలో పారీస్తే ఎవులికీ తెల్దు."

తవిటమ్మ ఒక్క క్షణం కొడుకు ముఖం చూసింది. ఆవిడ కన్న బిడ్డ. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆవిడ వీపు దిగేవాడు కాదు. వీడు జైలుకి పోతే ఈ ఇల్లుండదు, వీధిలో తలెత్తుకోవడముండదు. అంతా ఆవిడకి తెలుసు.

"డబ్బా ఇలాగియ్యి, ఇంజనీరమ్మ సూసి సెప్తాది. అదీ నీ కూతురేరా," అంది.

"డాక్టర్లున్నారు, బతికించుకుంటారు. నన్నొగ్గీయమ్మా!" అంటూ వెంకటేశు సంచి భుజాన వేసుకుని పరుగందుకున్నాడు.

ఆ సందు తిన్నగా వెళ్లి జానకిరామ్ గుమ్మం పక్కన వీధిలో కలుస్తుంది. వేరే దారి లేదు. అక్కడ సార్జెంటు ఉన్నాడు, జానకిరామ్ ఉన్నాడు. సార్జెంటుకి తెలుగు రాదు.

తవిటమ్మ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఒంట్లో ఉన్న సత్తువంతా కూడదీసుకుని అరిచింది.

"ఒరే జానకీ! నీ కాళ్లట్టుకుంటాను, ఆడ్ని పోనీకురా! సంచి లాగీసుకో! నా పాప పేనం అందులోనే ఉన్నాదిరా!"

సందు చివర ఏదో పెనుగులాట, ఎవరో పడ్డ చప్పుడు. తర్వాత అరుపులు. ఎవరు పడ్డారో, సంచి ఎవరి చేతిలో ఉందో ఇక్కణ్ణించి కనబడలేదు. తవిటమ్మ అటు పరిగెత్తబోయి ఆగిపోయింది. చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతోంది.

"అత్తా... ఎవుల్నత్తా పట్టుకోమంతన్నావు?" అని అడుగుతోంది మేరీరాణి. "ఈయన మందులకని ఎల్లి ఇంకా రాలేదు."